ఏడుపు నేర్పిన సర్టిఫికెట్ కోర్సు

ఆ రోజుల్లో మా భిలాయి మొత్తానికి తెలుగులో ఎమ్మే చేసిన మనిషిని నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం. ఎవరైనా లెక్కపెట్టి చూశారా అంటే లేదు, లెక్కపెట్టాలన్నంత ఆసక్తి కూడా ఎవరికీ లేదు, నా ధైర్యమూ అదే. పుట్టింది ఉక్కు ప్లాంటు ఆసుపత్రిలో, పెరిగింది సెక్టర్ 2 క్వార్టర్లో, ఆడుకున్నది హిందీలో, తిట్లు తిన్నది మాత్రం మా అమ్మ దగ్గర శ్రీకాకుళం తెలుగులో. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు నేను ‘ఏటి’ అన్నప్పుడల్లా పక్క మంచాలవాళ్ళు కిసుక్కున నవ్వేవారు. దాంతో పంతం పట్టి, పుస్తకాల్లో ఉన్న తెలుగు తప్ప ఇంకొకటి నోట రాకుండా నాలుకను సానపట్టుకుని తిరిగొచ్చాను. ఇంటికొచ్చిన మొదటి రోజే అమ్మ నా మాటలు విని, "ఇదేటే, రేడియోలో వార్తలు సెప్పినట్టు మాటాడతన్నావు?" అంది. నేను లోలోపల మురిసిపోయాను. (అది మెచ్చుకోలు కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.)

ఉద్యోగం మాత్రం ఎక్కడా లేదు. అలాంటి సమయంలో మా ఊళ్ళో ఒక కాలేజీవాళ్ళు సాయంత్రం పూట సర్టిఫికెట్ కోర్సులు పెట్టారు. ప్రాంతీయ భాషలు, సంస్కృతుల అధ్యయనం అని దానికొక పొడుగాటి పేరు. ప్లాంటు పుణ్యమా అని దేశంలో ఉన్న అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఇక్కడ ఉన్నారు గనక, వాళ్ళ పిల్లలందరూ తమ తమ భాషల కోసం ఎగబడి వస్తారని ప్రిన్సిపాలు గారి ఊహ. ఆయన్ని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. నన్ను తెలుగు క్లాసుకి వేసుకున్న రోజున పెద్దసారు కుర్చీలోంచి లేచి మరీ, "యువత, మేడమ్, యువత! మూలాలు వెతుక్కుంటూ యువత వస్తుంది, చూస్తూ ఉండండి," అన్నారు. నేను చూస్తూ ఉండడానికి కొత్త నేత చీర కూడా కొనుక్కున్నాను.

యువత వచ్చింది. మాట తప్పలేదు, వచ్చింది. కాకపోతే మా పక్క గదికి వచ్చింది. పక్కగదిలో జర్మన్ నేర్పేవారు. మధ్యన ఉన్నది ప్లైవుడ్ గోడే కాబట్టి అటు ఏం జరిగినా ఇటు వినబడేది. మా సెక్టరు తెలుగు పిల్లలందరూ అక్కడే గొంతులు చించుకుని జర్మన్ వల్లె వేస్తుండేవారు. ఎక్కడైనా నాలుక మడతపడితే "అబ్బా" అనేవారు. ఆ గదిలో వినిపించే తెలుగు మాట అదొక్కటే, దానికే నేను ఇటువైపు పొంగిపోయేదాన్ని.

ఇక నా గదికి వచ్చినవాళ్ళ సంగతి. ముందు బెంచీలో క్రేన్ మావయ్య. ప్లాంటులో కరిగిన ఇనుము బకెట్లు ఎత్తే క్రేను నడిపి రిటైరైన మనిషి. భార్య పోయింది, కొడుకు కోడలు మనవలు ఇంట్లో హిందీ. "మీకు తెలుగు వచ్చు కదా మావయ్యా, ఈ క్లాసెందుకు?" అని అడిగితే, "వొచ్చు గనకే వొచ్చినానమ్మా. ఇంట్లో మాటాడితే ఇనీవోలు నేరు. ఇక్కడ ఫీజు కట్టినాను గనక నువ్వైనా కూకుని ఇనాల గదేటి," అన్నాడు. ఆయన వెనకాల ఇడ్లీ పిన్ని. పొద్దున మార్కెట్లో ఇడ్లీ బండి, సాయంత్రం మనవరాలిని జర్మన్ క్లాసుకి తీసుకొచ్చి తీసుకెళ్ళే పని. క్లాసు అయ్యేదాకా బయట కూచుంటే దోమలు పీకేస్తున్నాయని తెలుగులో చేరింది. (తెలుగు భాష అవసరాల మీద నేను రాసిన ఎమ్మే వ్యాసంలో దోమల ప్రస్తావన లేదు.) పక్క ఊరు జాముల్ నుంచి ఒక సిమెంటు కాంట్రాక్టరు కూడా వచ్చాడు, హిందీ మనిషి. శ్రీకాకుళం కూలీల మీద కేకలెయ్యడానికి సరిపడా తెలుగు కావాలన్నాడు. నేను అ ఆ లతో మొదలెట్టేసరికి, ఓ వారం ఓర్చుకుని, వీటితో ఎవడూ పనిలోకి రాడని చెప్పి వెళ్ళిపోయాడు.

మిగిలింది ఉతై కోడలు. ఉతై దుర్గ్ పక్కన చిన్న ఊరు, అక్కడి ఛత్తీస్‌గఢీ పిల్ల, మా సెక్టరు తెలుగు అబ్బాయిని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. ముంజేతుల నిండా పచ్చబొట్లు. ఎప్పుడూ తలుపు పక్కన బెంచీ మీద, ఏ క్షణాన్నయినా ఎవరో పిలిస్తే వెళ్ళిపోయేలా కూచునేది. ఓ రోజు పెద్దసారు నన్ను పిలిచి, యూనివర్సిటీ వాళ్ళు చూడ్డానికొస్తారు, మీ విద్యార్థులెవరు, వయసెంత, మాతృభాషేమిటి, ఏ ఉద్దేశంతో చేరారు, అన్నీ కనుక్కుని చెప్పండి అన్నారు. వయసులు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఇది క్లాసా, వృద్ధాశ్రమమా?" అన్నారు. ఉద్దేశం మాత్రం ఉద్యోగావకాశాలని చెప్పించమన్నారు. సరేనని వచ్చి ఉతై కోడల్ని అడిగాను. ఆవిడ తల దించుకుని, హిందీలో, ఎవరికీ వినబడకూడదన్నట్టు చెప్పింది.

"మా సాస్ చనిపోతే ఏడవాలి మేడమ్‌జీ. తెలుగులో."

నేను నవ్వాను. అత్తగారు పోతే ఏడవడానికి సర్టిఫికెట్ కోర్సులో చేరిన కోడలు ఈ భూప్రపంచంలో ఉంటుందా అనిపించింది. ఆవిడ నవ్వలేదు. వెనకనుంచి ఇడ్లీ పిన్ని, "మేడమ్ము గోరూ, ఆ పిల్ల అత్త ఎవులనుకున్నారు? మన రాగాలమ్మ!" అంది. అప్పుడు నా నవ్వు కూడా ఆగిపోయింది.

రాగాలమ్మ తెలియని తెలుగిల్లు సెక్టర్ 2లో లేదు. మా వైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు చుట్టూ కూచుని రాగం తీసి ఏడుస్తారు. ఒకరు ఎత్తుకుంటారు, పోయినవాళ్ళను అత్తా, అన్నా అని వరస పెట్టి పిలుస్తూ, వాళ్ళు తిన్నదీ తిననిదీ, చేసినదీ చెయ్యలేనిదీ అన్నీ చెబుతూ. తక్కినవాళ్ళు అందుకుంటారు. ఆ ఎత్తుకునే గొంతు మా క్వార్టర్లన్నిటికీ రాగాలమ్మదే. మా నాయనమ్మ పోయినప్పుడు పొయ్యి మీద కూర దింపకుండానే పరిగెత్తుకొచ్చింది. ఫర్నేసు దగ్గర ప్రమాదంలో పోయిన కుర్రాళ్ళకి, పురిట్లో పోయిన పిల్లలకి, తాగి తాగి పోయినవాళ్ళక్కూడా, ఎవరికీ తక్కువ చెయ్యకుండా ఏడ్చింది. ఆవిడకి ఆడపిల్లల్లేరు. మొగుడు పోయాడు. ఒక్క కొడుకు, వాడు పెద్దయింది హిందీలో. ఎదురు క్వార్టరు నేస్తురాలు పోయినప్పుడు రాగాలమ్మకి అప్పటికే కాళ్ళు పడిపోయాయి. మంచం మీదనుంచి కిటికీలో చూసిందట. పిల్లలు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు, బండి వచ్చింది, ఎక్కించారు, వెళ్ళిపోయింది. కుక్కపిల్ల కుయ్యిమన్నంత చప్పుడు కూడా లేదు. ఆ రోజునుంచి ఆవిడకి ఒకటే దిగులు. ప్రేమ పెళ్ళి చేసుకొచ్చిందని ఏళ్ళ తరబడి ముఖం చూడని కోడల్ని మంచం దగ్గరికి పిలిచి అడిగిందట. "ఇంతమందికి ఏడిసినాను. నాకెవులేడుత్తారే?"

"బతికుండగా నాతో మాట్లాడింది లేదు," అంది ఉతై కోడలు, "చచ్చాక నన్ను మాట్లాడమంటోంది. నేను సరేనన్నాను. మాట ఇచ్చేశాను మేడమ్‌జీ. ఇప్పుడు నేర్పండి."

ఎమ్మే చదివినదాన్ని, ఏడుపొక లెక్కా అనుకున్నాను. ఆ సాయంత్రమే కూచుని చక్కటి శోకం ఒకటి తయారు చేసి, మర్నాడు క్లాసులో గంభీరంగా చదివాను. ‘పూజ్యురాలైన అత్తగారూ! మమ్ములనందరినీ తీరని దుఃఖసాగరమున ముంచి, మీరు తిరిగిరాని లోకమునకు తరలిపోతిరా!’ అని సాగుతుంది. చదవడం ముగించి తలెత్తేసరికి క్రేన్ మావయ్య లేచి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. "ఏం మావయ్యా, ఏడుపొచ్చిందా?" అని ఆశగా అడిగాను. "నేదమ్మా. ఇది యూనియనోలు సదివీ సంతాప తీర్మానం గదా. అయిపోగానే మౌనం పాటించడం అలవాటైపోనాది," అన్నాడు. ఇడ్లీ పిన్ని ఒళ్ళంతా ఊగేలా నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా శోకానికి కన్నీళ్ళు వచ్చింది ఆవిడొక్కతికే.

"పోనీ నువ్వు నేర్పు పిన్నీ," అన్నాను ఉడుక్కుని. పిన్ని నవ్వు మానేసింది. "నానెప్పుడూ ఎనకాల అందుకోడవే గాని ముందెత్తుకోనేదమ్మా. ఎత్తుకోవాలంటే గుండె కావాల. నాకెక్కడిదీ," అంది. తీరా ఆరా తీస్తే అందరిదీ అదే సంగతి. సెక్టరంతా ఆవిడ వెనకాల అందుకోవడమే తప్ప ముందు ఎత్తుకున్నవాళ్ళు లేరు. అంటే రాగాలమ్మ కోసం ఎలా ఏడవాలో చెప్పగల మనిషి రాగాలమ్మ ఒక్కతే.

మా కోర్సులో క్షేత్ర పర్యటన అని ఒకటి ఉండేది. ఒడియా వాళ్ళు ఏదో గుడికి వెళ్ళారు, బెంగాలీ వాళ్ళు మిఠాయి కొట్టుకి వెళ్ళారు. నేను మౌఖిక సాహిత్యం సేకరించడానికి వెళుతున్నామని పెద్దసారుకి చెప్పాను. ఆయన సంతోషించి, ఫోటోల్లో యువత కనిపించేలా చూడమన్నారు. (యువత కింద నేను ఉన్నాను.) అలా ఓ మధ్యాహ్నం ముగ్గురు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని, బతికున్న మనిషి దగ్గరికి ఆవిడ ఏడుపు ఆవిడనే అడిగి నేర్చుకోవడానికి వెళ్ళాను.

ముందు గదిలో ఇనప మంచం మీద ఆవిడ గుప్పెడు మనిషిలా ఉంది. గొంతు మాత్రం అలాగే ఉంది. "ఎవులే ఈ గుంట? మన వీదిలోని రేడియో పిల్లా?" అంది నన్ను చూసి. (మా అమ్మ పెట్టిన పేరు ఊరంతా పాకిపోయిందన్నమాట.) విషయం తెలియగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. కోడలి చేత దిండు ఎత్తు పెట్టించుకుని మొదలెట్టింది. "ఇనుకోండి. ముందు పిలవాల. పేరెట్టి కాదు, వరసెట్టి పిలవాల. ఆ తరవాత మంచి సెప్పుకోవాల. ఆ తరవాత దెబ్బలాడాల."

"చచ్చిపోయిన మనిషితో దెబ్బలాటేమిటండీ?" అన్నాను.

"దెబ్బలాడకపోతే అదేం ఏడుపే? సెప్పకుండా ఎల్లిపోనందుకు నిలదియ్యాల. ఏలెల్లిపోనావు, నాకు సెప్పినావా, నానొద్దన్నానా అని అడగాల. నీ పుస్తకంలో అది రాయనేదేటి?"

రాయలేదు. సరే, ఒకసారి మీరే ఎత్తుకుని చూపించండి అన్నాం. ఆవిడ కాసేపు ఆలోచించి, "నాకు నానే ఎలాగేడుత్తానే? ఎదురుగా సవం ఉండాల గదా," అంది. అందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. క్రేన్ మావయ్య కండువా తీసి పక్కన పెట్టి, "దానికేటుంది. నాను తొంగుంటాను," అని చాప మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇడ్లీ పిన్ని ఉత్సాహం కొద్దీ బొటనవేళ్ళు కట్టడానికి దారం వెతుకుతుంటే, ఒక కన్ను తెరిచి, "ఏళ్ళు కట్టీకు పిన్నీ, నిజంగా పోతాను," అని మళ్ళీ మూసుకున్నాడు.

అప్పుడు ఆ మంచం మీదనుంచి గొంతు లేచింది.

"ఓలన్నో... నాయన్నో... ఆకాసంలో కూకుని నిప్పుల బకెట్టు ఎత్తినోడివి, నేల మీద సాపేసుకుని తొంగున్నావా అన్నో... అంత ఇనుము మోసిన సెయ్యి, మంచినీల గలాసు ఎత్తలేకపోనాదా అన్నో... ఇంట్లో నీ మాట ఇనీవోలు నేరని, మాట మూటకట్టుకుని ఎల్లిపోనావా అన్నో... ముందెల్లిన మా ఒదిన కూడొండీసి సూత్తన్నాదా, ఆకలేసినాదా నాయన్నో... నాకొక మాట సెప్పినావా, నానొద్దన్నానా..."

పిన్ని తనకు తెలియకుండానే అందుకుంది. ఉతై కోడలు నోరు తెరుచుకుని చూస్తోంది. నేను రాసుకుందామని తెచ్చిన కలం చేతిలోనే ఉండిపోయింది. ఇంతలో పిన్ని రాగం మధ్యలో ఆపేసి, "ఒలమ్మా, సవం ఏడుత్తన్నాది!" అని కేక పెట్టింది. నిజమే. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే, క్రేన్ మావయ్య కదలకుండా పడుకుని ఏడుస్తున్నాడు. భార్య పోయిన రోజున పక్కకి వెళ్ళి నిలబడ్డాడే గానీ కన్నీటి చుక్క రాల్చలేదని తరవాత ఆయనే చెప్పాడు.

ఇక వీధి సంగతి చెప్పనక్కర్లేదు. రాగాలమ్మ ఇంట్లోంచి రాగం వినబడితే ఎవరేమనుకుంటారు? అటు ఇటు క్వార్టర్లవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకాయన పూలదండ పట్టుకొచ్చాడు. (ఇంట్లో పూజకి తెచ్చుకున్నది, వృథా పోనివ్వకూడదని మళ్ళీ పట్టుకెళ్ళాడు.) ఎవరో రోలింగ్ మిల్లులో డ్యూటీలో ఉన్న కొడుక్కి ఫోన్ కొట్టేశారు. నెత్తిన హెల్మెట్ తియ్యకుండా, స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా అతను లోపలికి ఊడిపడ్డాడు. పడేసరికి తల్లి దిండుకి ఆనుకుని కూచుని ఉంది, క్రేన్ మావయ్య చాప మీద ఉన్నాడు, నేను నేత చీరలో ఉన్నాను.

"యే క్యా తమాషా హై?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. తల్లి పోయిందనుకుని ఆ దారంతా వచ్చిన మనిషి. పెళ్ళాం వైపు తిరిగి హిందీలో, బతికున్న తల్లి ముందు శవాల ఏడుపులేమిటి, రేపట్నుంచి ఆ క్లాసు బంద్, అమ్మ పోయిన రోజున కూడా ఈ ఇంట్లో ఇలాంటి తమాషా జరగడానికి వీల్లేదు, అందర్లా మర్యాదగా, చప్పుడు లేకుండా పంపిస్తాను అన్నాడు. రాగాలమ్మకి అంత హిందీ అర్థమవుతుంది. "ఒరే, నాకోసం ఏడిత్తే నీకు సిగ్గేటిరా?" అంది. ఆ తెలుగు అతనికి అర్థం కాలేదో, అయిందో నాకు తెలియదు. హెల్మెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, మేము చెప్పులేసుకుని వచ్చేశాం.

ఉతై కోడలు క్లాసుకి రావడం మానేసింది. ఆ తరవాత యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు. నా గదిలోకి తొంగిచూసి, "తెలుగు యువత ఎక్కడ?" అని అడిగారు. నేను ప్లైవుడ్ గోడ చూపించాను. అటునుంచి మా పిల్లలు జర్మన్‌లో రోజులూ నెలలూ అప్పజెబుతున్నారు, చాలా బాగా అప్పజెప్పారు. క్రేన్ మావయ్యని ఎందుకు చేరారని అడిగితే, పెద్దసారు చెప్పమన్నట్టే, బోసినోటితో "ఉద్యోగావకాశాల కోసం" అన్నాడు. వాళ్ళు మర్యాదస్తులు, బయటికెళ్ళాకే నవ్వుకున్నారు. ఆ ఏడాదితో తెలుగు కోర్సు మూసేశారు. నా ఉద్యోగమూ పోయింది. పిన్ని మాత్రం దోమల గురించి బెంగపెట్టుకుంది.

అయితే కోర్సు ఆగిపోయిందని నేననుకోవడమే గానీ, ఆగలేదట. పిన్ని ఓ రోజు ఇడ్లీ పొట్లం కడుతూ చెప్పింది. "కొడుకు డూటీకెల్లగానే తలుపులేసుకుని ఏడుత్తన్నారమ్మా అత్తా కోడలూ, రోజూని! ఎన్నడూ ఎదురుబడి మాటాడుకోనేదు, ఇప్పుడు కలిసి ఏడుత్తన్నారు. నిన్న నాను కిటికీ కాడ ఇన్నాను. ‘అక్కడ గొంతు దించీకే, సచ్చింది నానా నువ్వా?’ అని తిడతన్నాది ముసల్ది. ఏడుపయిపోయినాక ఇద్దరూ టీ తాగుతున్నారు." పక్కింటివాళ్ళు కూడా అలవాటు పడిపోయి, ఆ వేళకి టీవీ గొంతు కాస్త పెంచుకునేవారట.

చలికాలంలో ఓ తెల్లవారి కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి క్వార్టరు ముందు బండి సిద్ధంగా ఉంది. కొడుకు ఫోన్లో ముక్తిధామం శ్మశానంవాళ్ళతో మాట్లాడుతున్నాడు. లోపల చాప మీద రాగాలమ్మ. చుట్టూ సెక్టరు ఆడవాళ్ళందరూ, క్రేన్ మావయ్య గోడవారగా. తల దగ్గర ఉతై కోడలు, కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది. ఆ గదిలో అందరూ దేనికోసం ఎదురు చూస్తున్నారో అందరికీ తెలుసు. పిన్ని మోచేత్తో మెల్లిగా పొడిచింది. ఉతై కోడలు మొగుడి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను మనసులో, నువ్వే ఎత్తుకోవే, ఎమ్మే చదివావు కదా అనుకున్నాను. నాలుక మీద దుఃఖసాగరము తప్ప ఇంకేమీ లేదు. బండివాడు హారన్ కొట్టాడు.

ఎత్తడానికి నలుగురూ వంగారు. కొడుకు తల వైపు వచ్చి, ఫోను జేబులో పెట్టుకుని, తల్లి భుజాల కింద చేతులు పెట్టాడు. పెట్టి ఆగిపోయాడు. అలా వంగి ఉండగానే, చిన్నప్పుడు బడికి వేళయిందని తల్లిని లేపుతూ అనేవాడేమో, ఒక మాట వచ్చింది అతని నోట్లోంచి.

"అమ్మా... లెగే."

అంతే. "లెగే, అమ్మా, లెగే," అంటూ అక్కడే కూలబడిపోయాడు. ఉతై కోడలు నోట్లోంచి కొంగు తీసేసింది.

"ఓలత్తో... నాయత్తో..." అని ఎత్తుకుంది. నేర్చుకున్న మాటలు ఎక్కడికి పోయాయో, ఒక్కటీ రాలేదు. తెలుగులో కొంత, మధ్యలో "మోర్ దాయీ ఓ" అని తన ఊరి అమ్మని పిలిచే పిలుపు. "ఇన్నాళ్ళు నాతో మాటాడనేదు, ఇప్పుడు మాటలు నేర్పీసి ఎల్లిపోనావా అత్తో... మద్దినేల టీ రెండు గలాసులు పెట్టడం అలవాటు సేసీసి, రెండోది ఎవులికియ్యనత్తో... తప్పు పాడినాను, తిట్టవేటత్తో... లెగిసి తిట్టు దాయీ ఓ..." పిన్ని అందుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ అందుకున్నారు. బండివాడు ఇంజను ఆపేసి దిగి నిలబడ్డాడు. నేను కూడా ఎక్కడో చివర గొంతు కలిపాను, ఏమన్నానో తెలియదు, వార్తల్లా మాత్రం లేదనుకుంటాను. ఆవిణ్ణి పంపించడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు ఒక బళ్ళో హిందీ మీడియం పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. (తెలుగు ఎమ్మేకి అంతకంటే దగ్గర పని దొరకలేదు.) మా జర్మన్ పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. క్రేన్ మావయ్యా పోయాడు, రెండోసారి నిజంగా, ఉతై కోడలే ఎత్తుకుంది. ఇప్పుడు సెక్టర్ 2లో ఏ తెలుగింట్లో ఎవరు పోయినా ముందు కబురు ఆవిడకే.

ఈ మధ్య మా అమ్మకి ఒంట్లో బాగుండటం లేదు. ఓ పూట కాళ్ళకి నూనె రాయించుకుంటూ, తాపీగా, "నా సంగతి ఆ ఉతై పిల్లకి సెప్పీసినానే, ఒప్పుకున్నాది," అంది. "మరి నేను?" అన్నాను, రోషం ఆపుకోలేక. కన్న కూతుర్ని, పైగా ఎమ్మే. "నీకు రాదు గదే. నువ్వు పక్కన కూకుని అందుకో, సాలు," అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు బడి అవగానే ఉతై కోడలింటికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి అంతా అర్థమైనట్టు నవ్వి, "ఏ ఉద్దేశంతో చేరుతున్నారు మేడమ్‌జీ?" అని అడిగింది, ఇప్పుడు తెలుగులోనే. ఉద్యోగావకాశాల కోసం అన్నాను. ఇద్దరం నవ్వాం.

పెద్దసారు ఇప్పుడొచ్చి అడిగితే ఆ క్లాసు వివరాలు చెప్పడం చాలా తేలిక. విద్యార్థి ఒక్కతే, నలభై దాటింది, మాతృభాష తెలుగు. మొన్న ఇంట్లో గిన్నెలు తోముకుంటూ మెల్లిగా సాధన చేస్తుంటే మా అమ్మ మంచం మీదనుంచి చెవి పెట్టి వింది. "ఇంకా రేడియో పోనేదే," అంది. కాసేపాగి, "అయినా నిన్ను బేగి నేర్సీమని నానన్నానేటి? నిదానంగా నేర్సుకో," అని అటు తిరిగి పడుకుంది. అప్పటినుంచి నేను చాలా నిదానంగా నేర్చుకుంటున్నాను. ఒకప్పుడు ఒక్క ‘ఏటి’ దొర్లితే సిగ్గుపడి చచ్చిన పిల్లని, ఇప్పుడు రాగం బాగా వచ్చిన చోట కూడా కావాలనే తప్పులు పోతున్నాను.